కంచె మీద కొత్త పక్షి

ఆ పక్షి రెక్క ఆడించకుండా కంచె మీదుగా జారుకుంటూ పోయిందని ఆంబ్రోస్ చెబుతున్నప్పుడు లెట్టిస్ రొట్టెకి వెన్న రాస్తోంది.

"ఒక్కసారి కూడా ఆడించలేదా?" అంది.

"ఒక్కసారి కూడా. నీళ్ల మీద పడవ పోయినట్టు పోయింది. కాస్త దూరం పోయి ఆగింది. ఆగి కంచె వెనక్కి మునిగింది. మళ్లీ లేచింది. మళ్లీ మునిగింది. అక్కడ బెర్రీ పళ్లు బాగా పండాయి కదా, వాటి కోసమే అయ్యుంటుంది. ఊపిరి తియ్యడం మర్చిపోయాను లెట్టీ. నువ్వు నమ్మవు."

లెట్టిస్ నమ్మింది. పెళ్లై ఇంకా రెండు నెలలు నిండలేదు. ఆయన ఏం చెప్పినా నమ్మడం ఆమెకి అప్పట్లో పెద్ద సరదా. ఆంబ్రోస్ లార్టర్ మార్‌బీ ఊరి పాస్టరు. ఆదివారం ప్రసంగం చెప్పడం ఆయన ఉద్యోగం. మిగతా రోజులన్నీ పక్షుల వెంట పడడం, వాటి గురించి రాయడం ఆయన బతుకు. మోకాళ్ల దాకా బురదతో, గడ్డంలో ఇరుక్కున్న గడ్డిపోచతో, ముందున్న పొగపెట్టిన చేపని పూర్తిగా మర్చిపోయి మాట్లాడుతున్న ఆ మనిషిని చూస్తే ఆమెకి ఉత్తపుణ్యానికి నవ్వొచ్చేది. ఆ గడ్డిపోచ తీసెయ్యాలా, ఇంకాసేపు చూసుకోవాలా అని ఆలోచిస్తోంది.

"రంగేమిటి?" అంది.

"అదే చెబుతున్నా. రెక్కలు లకుముకి పిట్ట రెక్కల్లా నీలం. తల ఆకుపచ్చ, నడినెత్తిన ఎర్రటి మచ్చ, అచ్చం వడ్రంగిపిట్ట. తోక మాత్రం..." ఆంబ్రోస్ చేతిలో చెంచా గాల్లోనే ఆగింది. "తోక ఊదారంగు. పొడుగ్గా, వంపు తిరిగి, కోడిపుంజు తోకలా ఉంది. ఆ పిట్ట తోకలా లేదసలు. ఎవరో అరువిచ్చినట్టుంది."

వెన్న కత్తి కూడా ఆగింది.

"కన్నో?" అంది లెట్టిస్ మెల్లగా.

"నల్లగా, పూసలా. కాస్త మెల్ల. దుర్భిణిలో ఎంతసేపు చూసినా రెప్ప వెయ్యలేదు."

"కూసిందా?"

ఆంబ్రోస్ కళ్లు చెమర్చాయి. "కూసింది. నాలుగు స్వరాలు. మెట్లెక్కినట్టు ఒక్కొక్కటే పైకి పోతుంది. నాలుగోది మాత్రం అందదు. అందబోయి కాస్త కింద పడుతుంది. ప్రతిసారీ అక్కడే పడుతుంది. ఈ జిల్లాలో అంత తియ్యటి కూత నేను వినలేదు లెట్టీ."

లెట్టిస్ వెన్న కత్తి కింద పెట్టేసింది. సాయంకాలపు కీర్తనలో మూడో పాదం చివర తనకి స్వరం అందదని పుట్టింట్లో అందరూ ఏడిపించేవాళ్లు. ఆ మధ్యాహ్నం ఊళ్లోంచి వస్తూ, కంచె పక్కన ఆగి ఆగి బెర్రీ పళ్లు కోసుకు తింటూ, తను పాడుకున్నది ఆ కీర్తనే. తన నెత్తిన ఉన్నది డ్రుసిల్లా పెద్దమ్మ పెళ్లికిచ్చిన టోపీ.

"ఏవండీ," అంది. "నేనొక మాట చెప్పాలి."

"చెబుదువుగానిలే. ముందు ఇది విను. జిల్లా పక్షి సంఘానికి ఉత్తరం రాసేశాను. పోస్టులో కూడా వేసేశాను."

లెట్టిస్ నోరు తెరిచి, అందులో రొట్టెముక్క పెట్టుకుని మూసేసింది.

ఆ టోపీ సంగతి ఆయనకి తెలియదు. తెలియకుండా ఆమే జాగ్రత్తపడింది. ఆ ఏడు నారిచ్ పట్నంలో టోపీ మీద పిట్ట లేకుండా చర్చికి వచ్చిన ఆడదాన్ని జుట్టు విరబోసుకుని వచ్చినట్టు చూసేవారు. డ్రుసిల్లా పెద్దమ్మ వెళ్లిన దుకాణంలో ఆ రోజు సరైన పిట్ట ఒక్కటీ మిగల్లేదు. టోపీలు కుట్టే ఆవిడ మిగిలిపోయిన ముక్కల్లోంచి ఒక తల, వేరే దాని రెక్కలు, ఇంకోదాని తోక ఏరి, ఊదారంగు అద్ది, గాజుపూసలు పెట్టి, దేవుడికి తట్టని పిట్టనొకదాన్ని కుట్టి ఇచ్చింది.

ఆంబ్రోస్‌కి టోపీ మీద పిట్టని చూస్తే తిండి సహించదు. పెళ్లిరోజు పెద్దమ్మ తలమీది పావురాన్ని చూసి ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఎలా పోయింది పాపం?" అని అడిగాడు. ఆయన తుపాకీ పట్టని పక్షి పండితుడు. ఆ రోజుల్లో అలాంటివాడు చేపలు తినని పిల్లి లాంటివాడు. పెళ్లిలో "ఈమెని స్వీకరిస్తున్నావా" అని బిషప్ అడిగినప్పుడు చర్చిలోకి ఒక వానకోవెల దూరింది. ఆంబ్రోస్ తలెత్తి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. పెళ్లికొడుకు మనసు మార్చుకున్నాడేమోనని బంధువులు గుసగుసలాడారు. లెట్టిస్ కూడా తలెత్తింది. దూలం మీద బురదగూడు, అందులోంచి నాలుగు నోళ్లు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ తర్వాతే ఆయన "స్వీకరిస్తున్నాను" అన్నాడు. అది తనతో అన్నాడో పిట్టతో అన్నాడో ఆమెకి ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడమే బావుంది.

అలాంటి మనిషి ముందు ఆ టోపీ ఎలా పెట్టుకుంటుంది? కానీ అది ఆమెకి ఎంత నప్పిందంటే, అద్దంలో చూసుకుని ఒక్కసారి గిర్రున తిరక్కుండా ఉండలేకపోయేది. అందుకని ఆయన బురదనేలల్లో బోర్లా పడుకున్న వేళ చూసి, వెనక దారిన ఊళ్లోకి పెట్టుకెళ్లేది. తిరిగొచ్చి గేటు దగ్గరే తీసి వంటావిడ మిసెస్ గాట్స్ చేతికిచ్చేది. ఆవిడ దాన్ని పిండి పెట్టెలో దాచేది. పాస్టరుగారు ఇంట్లో ఎక్కడెక్కడ గూళ్లు వెతికినా పిండి పెట్టెలో వెతకరని ఆవిడ నమ్మకం.

ఆ రోజు ఆయన బురదనేలలకి పోలేదు. కంచె అవతల గుంటలో పడుకుని దుర్భిణి పట్టుకున్నాడు. కంచె లెట్టిస్ కంటే ఎత్తు, టోపీ మీది పిట్ట ఒక్కటే పైకి తేలుతుంది. దుర్భిణిలో కనిపించేది పళ్లెమంత గుండ్రం. ఆ గుండ్రంలోకి పక్షి వచ్చింది, పెళ్లాం రాలేదు.

మర్నాటికల్లా సంఘం నుంచి జవాబు వచ్చింది. గురువారం అధ్యక్షుడు కల్నల్ స్టానర్డ్, కార్యదర్శి మిస్టర్ పిమ్ స్వయంగా వస్తున్నారు. ఆంబ్రోస్ ఆ కాగితం పట్టుకుని గదంతా తిరిగాడు. ఆయన పెళ్లికి ముందే ఈ ఊరి పక్షుల మీద ఒక పుస్తకం రాసి సంఘానికి పంపాడు. అందులో పిచ్చుకలు సారాకొట్టు ముందు కూర్చున్న మగాళ్లలా పోట్లాడుకుంటాయి, కొంగ అప్పులవాణ్ణి చూసినట్టు అందరికీ దూరంగా నిలబడుతుంది. ప్రతి పక్షినీ ప్రాణంతో చూసే రాశాడు, ఒక్కదాన్నీ చంపి కొలవలేదు. సరిగ్గా అదే సంఘానికి నచ్చలేదు. వాళ్లకి ఒకటే సూత్రం: రాలిందే రుజువు, చూసింది పుకారు. కాల్చి కింద పడేసిన పక్షే లెక్క. పుస్తకం సంఘం పేరున అచ్చేయాలా, తిప్పి పంపాలా అని ఏడాదిగా నానుస్తున్నారు.

"ఈ పక్షి నిజమని తేలితే పుస్తకం వేస్తారట," అన్నాడు ఆంబ్రోస్. "లేదంటే పుస్తకంలోని పక్షులన్నీ ఇలాంటివే అనుకుంటారట. లెట్టీ, దేవుడు నాకు ఈ పక్షిని పెళ్లికానుకగా ఇచ్చాడు."

పెళ్లికానుకే. ఇచ్చింది మాత్రం డ్రుసిల్లా పెద్దమ్మ.

లెట్టిస్ చెప్పాలనే అనుకుంది. పొద్దున ప్రార్థనప్పుడు అనుకుంది, మధ్యాహ్నం ఆయన బూట్లకి అంటిన బురద గీకుతూ అనుకుంది. నోరు తెరిచిన ప్రతిసారీ ఆయన మొహం చూసి ఆగిపోయింది. వంటింట్లోకి పోయి మిసెస్ గాట్స్ దగ్గర కూలబడింది.

"చెబితే పక్షి పోతుంది, పుస్తకం పోతుంది," అంది. "పైగా ఆయన వెనకాల చచ్చిన పిట్టల్ని నెత్తిన పెట్టుకుని ఊరేగానని తెలిసిపోతుంది. చెప్పకపోతే గురువారం ఆయన పరువు పోతుంది."

మిసెస్ గాట్స్ పిండి ఉండలు చేస్తోంది. "ఏది పోయినా రాత్రికి ఇవే అమ్మగారూ," అంది. "అయినా మీరు చెప్పినా ఇప్పుడు ఎవరు వింటారు? ఊరంతా చూసిందట ఆ పక్షిని."

నిజంగానే చూసింది. కమ్మరి దాన్ని తన తొట్టెలో నీళ్లు తాగుతుండగా చూశాడు. పోస్టు ఆఫీసు ఆవిడ రెండిటిని చూసింది, వాటి మధ్య ఏదో గొడవ జరిగినట్టుందని కూడా చెప్పింది. చర్చి పెద్ద అయితే అది పెట్టిన గుడ్డు తెచ్చి పాస్టరుగారి బల్లమీద పెట్టాడు. మిసెస్ గాట్స్ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, ఉడకబెట్టి, ఆ చర్చి పెద్దకే ఉప్పు చల్లి పెట్టింది. ఆయన తిని, కోడిగుడ్డు రుచికి చాలా దగ్గరగా ఉందన్నాడు.

గురువారం మధ్యాహ్నం కల్నల్ స్టానర్డ్ బండి దిగాడు. తుపాకీ, ఎర్రటి మొహం, వెనకాల నీరో అనే నల్ల కుక్క. ఆయన ఇంట్లో ఆ జిల్లాలో ఎగిరే ప్రతిదీ గాజుపెట్టెలో ఉంది. నీరో తండ్రి కూడా హాల్లో ఒక గాజుపెట్టెలోనే ఉన్నాడు. నీరో ఆ హాల్లోకి అడుగుపెట్టదు. మిస్టర్ పిమ్ సన్నటి మనిషి. పక్షి సంఘానికి కార్యదర్శి అయినా, ఈకలంటే ఆయనకి తుమ్ములు.

"ఏమయ్యా పాస్టరూ," అన్నాడు కల్నల్, "మూడు పక్షుల్ని కలిపి ఒకటి చేశావట. నాలుగోది మర్చిపోయావేం? కాళ్లు బాతువి పెట్టాల్సింది."

"కాళ్లు కనపళ్లేదండీ," అన్నాడు ఆంబ్రోస్ నిజాయితీగా.

"కనపడవు. దేవదూతలకి కూడా కనపడవు. కొత్తగా పెళ్లైనవాడికి ఆకాశంలో ఏవేవో కనిపిస్తాయి. నాక్కూడా అప్పట్లో ఒకసారి గద్ద కనిపించింది. తీరా చూస్తే మా అత్తగారు." ఆయన లెట్టిస్ వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు చూశావా ఆ పక్షిని?"

"దగ్గర్నుంచే చూశానండీ," అంది లెట్టిస్. అబద్ధం కాదు.

కంచెకి ఎదురుగా తడికలు కట్టి చాటు చేసి ఉంచాడు ఆంబ్రోస్. ముగ్గురూ అందులో కూర్చున్నారు. పక్షి రాలేదు. ఎలా వస్తుంది, పిండి పెట్టెలో ఉంటే? ఒక పిచ్చుక వచ్చింది, కల్నల్‌ని చూసి పోయింది. లెట్టిస్ షాజీరా కేకు పట్టుకొచ్చింది. కల్నల్ తన ముక్క తిని, పిమ్ ముక్క కూడా తిన్నాడు.

"పాస్టరూ, నీ పక్షి సిగ్గరిలా ఉంది."

"బెర్రీల వేళకి వస్తుందండీ."

"పిమ్, ఏం రాస్తావు?"

మిస్టర్ పిమ్ పెన్సిలు నాలికతో తడిపి, "కల్పితం అని రాయమంటారా, భ్రమ అని రాయమంటారా?" అని మర్యాదగా అడిగాడు.

"భ్రమ అని రాయి. మతబోధకుడు కదా, కాస్త గౌరవంగా ఉంటుంది. పుస్తకం తిప్పి పంపించెయ్."

ఆంబ్రోస్ ఖాళీ కంచె వైపే చూస్తూ, "మీరు కూత వింటే ఇలా అనరు," అన్నాడు. "ఇలా ఉంటుంది." పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఈల వేశాడు. నాలుగు స్వరాలు. నాలుగోదాన్ని అందుకోబోయి, సరిగ్గా లెట్టిస్ గొంతు పడినంత కిందకే పడేశాడు. చాలాసార్లు సాధన చేసినట్టున్నాడు.

ఖాళీ పళ్లెం పట్టుకుని నిలబడ్డ లెట్టిస్‌కి చెవుల దాకా వేడెక్కింది. పుట్టింట్లో ఆ స్వరాన్ని వెక్కిరించని మనిషి లేడు. ఈయన దాన్ని నేర్చుకున్నాడు. ఆమె పళ్లెం గడ్డిలో పడేసి వంటింటి వైపు పరుగుతీసింది.

"మిసెస్ గాట్స్, టోపీ ఇవ్వండి. దండేనికి ఊతం పెట్టే పొడుగు కర్ర కూడా."

మిసెస్ గాట్స్ ఎందుకని అడగలేదు. పెట్టెలోంచి టోపీ తీసి, దులపబోయి, టైము లేదని కర్ర చివర అలాగే కట్టింది.

"వాళ్లు కళ్లారా ఒక్కసారి చూస్తే చాలు," అంది లెట్టిస్. "పొలం గట్టు దాకా పోయి దించేస్తాను."

"ఆయన చేతిలో తుపాకీ ఉంది. తల వంచుకోండి అమ్మగారూ. పెళ్లైన ఆడవాళ్లందరికీ చెప్పేమాటే అనుకోకండి, ఈసారి నిజంగానే వంచాలి."

కంచె ఇవతల, తడికలకి కనపడని వైపు, వాననీటి గుంట ఉంది. లెట్టిస్ అందులో నడుం విరిగేలా వంగి, కర్ర నిటారుగా పట్టుకుని, ఒక్కో అడుగూ వేసింది. పాదాల కింద బురద, జుట్టులో ముళ్లు. కర్ర బరువు ఎక్కువ కావడంతో పక్షి తాగినవాడిలా అటూ ఇటూ ఊగింది. బెర్రీ పొద దగ్గర ఆమె అలవాటుకొద్దీ ఆగింది, కర్రని ముంచింది, లేపింది. కీర్తనలో మూడో పాదం ఎత్తుకుంది. నాలుగో స్వరం ఎప్పటికంటే కింద పడింది.

తడికల వెనక ఏదో బోర్లాపడ్డ చప్పుడైంది.

"అదిగో," అన్న ఆంబ్రోస్ గొంతు వినిపించింది. "అదే. చూశారా, నేను చెప్పలేదూ, రెక్క ఆడించడం లేదు."

"జరగవయ్యా," అన్నాడు కల్నల్. ఆయన గొంతులో వెటకారం లేదు, ఆబ ఉంది. తుపాకీ గొళ్లెం టక్కుమంది.

"కాల్చకండి. కల్నల్‌గారూ, దయచేసి కాల్చకండి. మీరు చూశారు కదా, అది చాలు."

"రాలిందే రుజువు. నీ పుస్తకం కావాలా, వద్దా?"

"వద్దు," అన్నాడు ఆంబ్రోస్. "పుస్తకం పోతే పోనివ్వండి. భ్రమ అనే రాసుకోండి. దాన్ని వదిలెయ్యండి."

గుంటలో లెట్టిస్ ఆ మాట విని, కర్ర దించడం మర్చిపోయింది. కంచె అవతల పెనుగులాట వినిపించింది. పాస్టరు కల్నల్ చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఆ లాగుడుకి తుపాకీ పేలింది. కల్నల్ తన జీవితంలో గురి చూసి కూడా అంత చక్కగా కొట్టలేదు. కర్ర చివర పక్షి ఎగిరి పల్టీ కొట్టింది. దాన్లోంచి తెల్లటి పొగ భక్కున లేచి కంచెంతా కమ్మింది.

"పక్షి పోతూ పొగ వదిలింది," అని మిస్టర్ పిమ్ పైకి చదువుకుంటూ రాసుకున్నాడు.

లెట్టిస్ కర్ర వదిలేసి, గుంటంతా నాలుగు కాళ్ల మీద పాకి, తోట వెనకవైపు లేచి, ఆపిల్ చెట్టు కింద టీ బల్ల ముందు కూర్చుంది. జుట్టులో ముల్లుకొమ్మ ఉందన్న సంగతి ఆమెకి తెలియదు. కప్పులో టీ వంచింది.

అంతలో ముగ్గురూ తోటలోకి వచ్చారు. ఆంబ్రోస్ తన నెత్తిన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, చావింటికి వచ్చినట్టు. ఆయన మొహం చూసి లెట్టిస్ అప్పుడే అంతా చెప్పేసి ఉండేది. అంతకంటే ముందు నీరో చెప్పింది.

నీరో కంచె వెనకనుంచి పక్షిని నోట కరుచుకుని ఠీవిగా వచ్చింది. "ఇటు తే," అన్నాడు కల్నల్ చెయ్యి చాపి. నీరో ఆయన చేతిని వాసన చూసి, పక్కనుంచి నడిచిపోయింది. బల్ల దాకా వచ్చి లెట్టిస్ పాదాలు వాసన చూసింది, జుట్టు వాసన చూసింది, ఎవరి సొత్తు వాళ్లకి అప్పగించినట్టు ఆమె ఒళ్లో పెట్టి కూర్చుంది. ఒక రెక్క వేలాడుతోంది. కింద రెండు పట్టు రిబ్బన్లు. మిస్టర్ పిమ్ వంగి చూశాడు, తుమ్మాడు. పిండి లేచి ఆయన కళ్లద్దాల మీద పడింది.

"నాదే," అంది లెట్టిస్. "నా టోపీ. మొదటిరోజు కూడా నేనే."

ఆంబ్రోస్ ఆమె ఒళ్లోని టోపీని చూశాడు, ఆమెని చూశాడు, మళ్లీ టోపీని చూశాడు.

కల్నల్ మాత్రం కదల్లేదు. "నేను జన్మలో టోపీని కాల్చలేదు," అన్నాడు. "కాబట్టి అది టోపీ కాదు."

"రిబ్బన్లున్నాయండీ," అన్నాడు పిమ్.

"అవి కాళ్లు."

"లోపల నారిచ్ దుకాణం చీటీ ఉందండీ."

"వలస పక్షులు దారిలో చాలా చోట్ల ఆగుతాయి." కల్నల్ మొహం బీట్‌రూట్ అయింది. జిల్లా పక్షి సంఘం అధ్యక్షుడు పాస్టరుగారి భార్య టోపీని వేటాడాడన్న కబురు సాయంత్రానికి ఏయే సారాకొట్లకి చేరుతుందో ఆయన కళ్లముందు కనిపిస్తున్నట్టుంది. "ఈ అమ్మాయి తనదంటోంది. అది నోటిమాట. నేను కాల్చాను, ఇది రాలింది. రాలిందే రుజువు. రాయి పిమ్, కొత్త పక్షి."

పుస్తకం నిలబడినట్టే. ఎవరూ ఏమీ అనకపోతే చాలు. లెట్టిస్ మొగుడి వైపు చూసింది. ఏమీ అనకుండా ఉండే మనిషి కాదని ఆమెకి తెలుసు. అయినా చూసింది.

"రాయకండి మిస్టర్ పిమ్," అన్నాడు ఆంబ్రోస్. "అది మా ఆవిడ టోపీ. నేను పప్పులో కాలేశాను. పుస్తకం తిప్పి పంపించండి."

లెట్టిస్ లేచి నిలబడింది. ఒళ్లోంచి పిండి రాలింది.

"మిస్టర్ పిమ్, మావారు రాసిన ఉత్తరం మీ దగ్గరుందా? ఒక్కసారి చదవండి."

పిమ్ చదివాడు. నీలం రెక్కలు, లకుముకివి. టోపీ మీద చూశాడు, సరిపోయింది. వడ్రంగిపిట్ట తల, ఎర్రటి మచ్చ. అవీ సరిపోయాయి. తోక ఆ పిట్టది కాదేమో. నిజమే, కాదు. కన్ను మెల్ల. పిమ్ కళ్లద్దాలు తుడుచుకుని గాజుపూసని చూశాడు. మెల్లే. "ఇందులో ఒక్క ఈక కూడా తప్పు లేదండీ," అన్నాడు ఆశ్చర్యంగా. "అంత దూరంనుంచి..."

"లేదు కదా. ఉన్నదున్నట్టు రాశారు. కింద నేనున్నానని రాయలేదు, అంతే." ఆమె కల్నల్ వైపు తిరిగింది. "కల్నల్‌గారూ, ఇది పక్షే అంటారా? సరే. అయితే దాన్ని తుపాకీ లేకుండా, ముందుగా, సరిగ్గా చూసింది మావారు. చూసింది పుకారు కాదన్నమాట. కాదు, ఇది టోపీ అంటారా? అదీ సరే. అయితే మీరు రాల్చింది పక్షి కాదు. రాలిందల్లా రుజువు కాదన్నమాట. రెండిట్లో మీకేది కావాలో చెప్పండి, మిస్టర్ పిమ్ అదే రాసుకుంటారు. ఈలోపు టీ చల్లారిపోతోంది."

కల్నల్ కుర్చీలో కూలబడ్డాడు. టీ తాగాడు. ఇంకో ముక్క కేకు తిన్నాడు. నీరో వైపు కోపంగా చూశాడు. నీరో లెట్టిస్ పాదాల మీద తల పెట్టుకుంది.

"పుస్తకం వేద్దాం," అన్నాడు చివరికి. "కానీ పక్షి నాది."

"పక్షి మీదే," అంది లెట్టిస్.

"పుస్తకంలో మాత్రం అది ఉండదు," అన్నాడు ఆంబ్రోస్.

అలా ఒప్పందం కుదిరింది. కల్నల్ టోపీని చేతిరుమాల్లో చుట్టుకుని బండెక్కాడు. ఇప్పుడది ఆయన హాల్లో నీరో తండ్రి పక్కన గాజుపెట్టెలో ఉంది, కింద 'మార్‌బీ పక్షి' అన్న చీటీతో. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లందరూ అలాంటిది ఏ దుకాణంలో దొరుకుతుందని అడుగుతారట.

బండి చప్పుడు దూరమయ్యాక లెట్టిస్ గడ్డిలో కూర్చుంది. "మీ వెనకాల అది పెట్టుకుని తిరిగాను," అంది. "కోపమొచ్చిందా?"

ఆంబ్రోస్ పక్కన కూర్చుని ఆమె జుట్టులోంచి ముల్లుకొమ్మ తియ్యడం మొదలుపెట్టాడు. గూట్లోంచి గుడ్డు తీసినంత జాగ్రత్తగా తీస్తున్నాడు. "ఆ పిట్టల సంగతి బాధగానే ఉంది. మూడు పాపం. కానీ నన్ను పీకుతున్నది అది కాదు. అంతసేపు చూశాను లెట్టీ. తోకలో ఎన్ని ఈకలున్నాయో చూశాను. దాని కింద మా ఆవిడుందని తెలియలేదు."

"కూత మాత్రం బావుందన్నారుగా."

"అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను."

మర్నాడు మధ్యాహ్నం లెట్టిస్ టోపీ లేకుండానే ఊళ్లోకి పోయింది. తిరిగొస్తూ బెర్రీ పొద దగ్గర ఆగి, చేతులు నల్లబడేదాకా కోసుకు తింటూ కీర్తన ఎత్తుకుంది. మూడో పాదం చివర గొంతు ఎప్పట్లాగే జారబోతుంటే, కంచె అవతలి గుంటలోంచి ఎవరో ఆ స్వరాన్ని అందుకోబోయారు. ఆయనకీ అందలేదు. పక్క పొలంలోంచి తీతువొకటి విసుక్కుంటూ లేచిపోయింది.